కిడ్నీలో రాయి ఉంటే ఆకుకూరలన్నీ మానేయాలా? గలిజేరు రసం తాగితే రాయి కరుగుతుందా?

కనిగిరి దగ్గర పల్లె నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్నగారికి స్కానింగులో 6 ఎం.ఎం. రాయి కనపడింది. చూసిన డాక్టరు ఆకుకూరలు, టమాటా, పాలు, పెరుగు అన్నీ మానేయమన్నారట. ఊళ్లో పెద్దాయన ఒకరు రోజూ పరగడుపున గలిజేరాకు రసం గ్లాసుడు తాగమన్నారట. మునగాకు పొడి కూడా ఇంట్లో ఉంది, అది వాడొచ్చా అని కూడా అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. ఆకుకూరలన్నీ మానక్కర్లేదు. పెరుగు అస్సలు మానకూడదు. గలిజేరు పచ్చి రసం మాత్రం వద్దు. మునగాకు, మెంతికూర, కొత్తిమీర నిక్షేపంగా తినొచ్చు. పాలకూర, చుక్కకూర, గంగవాయిలి, బచ్చలి, తెల్ల గలిజేరు తగ్గించాలి. ఎప్పుడైనా తినాలనిపిస్తే ఉడికించి, ఆ నీళ్లు వార్చి పారబోసి, పెరుగుతోనో మజ్జిగతోనో తినాలి. ఇదంతా రాయి కాల్షియం ఆక్సలేట్ రాయి అయితేనే. ఎక్కువమందిలో ఉండేది అదే. యూరిక్ యాసిడ్ రాయి అయితే లెక్క వేరు, అక్కడ ఆకుకూరల మీద అసలు నింద లేదు. అందుకే రాయి బయటపడితే పారేయకుండా చిన్న సీసాలో వేసి పరీక్షకు ఇవ్వండి. జాలీ గుడ్డ అడ్డం పెట్టి మూత్రం పోస్తే దొరుకుతుంది.

ఇక ఎందుకో చూద్దాం.

ఆకులో ఆక్సాలిక్ ఆమ్లం, దీని లవణాలనే ఆక్సలేట్ అంటారు, రెండు రూపాల్లో ఉంటుంది. సోడియం, పొటాషియంతో కలిసినది నీళ్లలో కరుగుతుంది. కాల్షియంతో కలిసినది కరగదు. కరిగేదే పేగులోంచి రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీకి పోతుంది. కరగనిది చాలావరకు మలంతో బయటికి పోతుంది. కాబట్టి "ఈ ఆకులో ఆక్సలేట్ ఎంత" అన్న ప్రశ్న సగం ప్రశ్నే. "దాని పక్కన కాల్షియం ఎంత" అన్నది మిగతా సగం.

ఈ లెక్క ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చు. 90 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం 40 గ్రాముల కాల్షియాన్ని పట్టుకుంటుంది. అంటే ఆక్సాలిక్ ఆమ్లం అంకెను 0.44తో గుణిస్తే, దాన్ని కట్టేయడానికి ఎంత కాల్షియం కావాలో తెలుస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లోని అంకెలు తీసుకుందాం. అన్నీ 100 గ్రాముల తాజా ఆకుకు, సుమారుగా.

పాలకూరలో ఆక్సాలిక్ ఆమ్లం 658 మి.గ్రా., కాల్షియం 73 మి.గ్రా. ఆ ఆమ్లాన్నంతా కట్టేయాలంటే 290 మి.గ్రా. కాల్షియం కావాలి. ఉన్నది 73. మిగిలిన ఆమ్లం అంతా కరిగే రూపంలో తయారుగా ఉన్నట్టే. పాలకూర తిన్నాక పళ్లు గరగరలాడి సున్నం రాసినట్టు ఉంటుంది చూడండి, అది ఈ ఆక్సలేట్ పనే.

లేత తోటకూరలో ఆక్సాలిక్ ఆమ్లం 772, కాల్షియం 397. కావలసినది 340. కాగితం మీద చూస్తే సరిపోయింది. కానీ ఆకులోని కాల్షియం అంతా ఆక్సలేట్ కోసమే కూర్చుని ఉండదు, కొంత వేరే చోట బంధించి ఉంటుంది. అందుకని తోటకూరలో కూడా కరిగే ఆక్సలేట్ బాగానే తేలుతుంది. దాన్ని కూడా వార్చి తినే కూరల్లోనే వేసుకోండి.

మునగాకు దగ్గరికి వచ్చేసరికి మొత్తం తిరగబడుతుంది. ఆక్సాలిక్ ఆమ్లం 101, కాల్షియం 440. కట్టేయడానికి 45 చాలు, ఇంకా దాదాపు 400 మిగులు. మెంతికూర ఇంకా మేలు, ఆక్సాలిక్ ఆమ్లం 13, కాల్షియం 395. కొత్తిమీరలో ఆమ్లం 5 దగ్గరే. పాలకూరను, మెంతికూరను ఒకే గాటన కట్టి "ఆకుకూరలు మానేయండి" అనడం ఎంత పొరపాటో ఈ అంకెలే చెప్తాయి.

అంకెలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. అది తాజా ఆకుకా, ఎండబెట్టిన ఆకుకా అన్నది తప్పకుండా చూడండి. తాజా ఆకులో మూడొంతుల పైన నీళ్లే. ఎండితే అన్ని అంకెలూ నాలుగింతలు, పాలకూర లాంటి నీటి ఆకుల్లో పదింతల దాకా పెరుగుతాయి. ఫోన్లలో తిరిగే "మునగాకులో పాల కన్నా పదిహేడు రెట్లు కాల్షియం" అన్న మాట ఎండు పొడిని నీళ్ల పాలతో పోల్చి చెప్పింది. పొడి 100 గ్రాములు ఎవరూ తినరు. ఒక చెంచా, అంటే 5 గ్రాములు వేసుకుంటే కాల్షియం 100 మి.గ్రా. లోపు వస్తుంది. ఒక గ్లాసు పాలల్లో దానికి రెట్టింపు పైనే ఉంటుంది. ఆక్సలేట్ కూడా అదే లెక్క, చెంచా పొడికి 20 మి.గ్రా. వేసుకోండి. మీ నాన్నగారికి ఆ చెంచాతో ఇబ్బంది లేదు. అన్నంలో కలుపుకుని, చివర మజ్జిగ అన్నం తింటే ఇంకా మంచిది.

ఒకే ఆకుకు ఇద్దరు వేరు వేరు అంకెలు ఎందుకు చెప్తారన్నది కూడా చాలామందికి అర్థం కాదు. ల్యాబులో కరిగే ఆక్సలేట్ కావాలంటే ఆకును వేడినీళ్లతో తీస్తాం. మొత్తం ఆక్సలేట్ కావాలంటే పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తీస్తాం. ఆ వచ్చిన ద్రవంలో కాల్షియం కలిపి ఆక్సలేట్‌ను తెల్లటి మడ్డిలా దింపి, కడిగి, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి, 70 డిగ్రీల వేడి దగ్గర పర్మాంగనేట్ చుక్క చుక్కగా వేస్తాం. లేత గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే లెక్క పూర్తయినట్టు. వేడి తగ్గితే చర్య మెల్లగా జరిగి రంగు ముందే నిలిచినట్టు కనపడుతుంది, అంకె తక్కువ వస్తుంది. మడ్డి సరిగా కడగకపోతే ఎక్కువ వస్తుంది. దీనికి తోడు ముదురాకు, లేతాకు తేడా ఒకటి. ఆకుకూ కాడకూ తేడా ఇంకొకటి, పాలకూరలాంటి వాటిల్లో ఆక్సలేట్ కాడ కన్నా ఆకులోనే ఎక్కువ. అందుకే పట్టిక అంకెను చేతికిచ్చిన తూకంలా కాకుండా, ఏ ఆకు ఏ వరసలో ఉందో చెప్పే గుర్తుగా చూడండి.

ఇప్పుడు గలిజేరు. ఇక్కడే అసలు గందరగోళం.

మన జిల్లాల్లో గలిజేరు అన్న పేరుతో రెండు మొక్కలు తిరుగుతున్నాయి. ఒకటి తెల్ల గలిజేరు, అంబటిమాడు అని కూడా అంటారు, శాస్త్రీయ నామం ట్రయాంథిమా పోర్టులకాస్ట్రమ్. రెండోది ఎర్ర గలిజేరు, అటికమామిడి, పునర్నవ, బోర్హావియా డిఫ్యూజా. రెండూ నేలబారున పాకుతాయి. రెండింటిలో ఆకులు జతలు జతలుగా వస్తాయి, జతలో ఒక ఆకు పెద్దది, ఒకటి చిన్నది. వాన పడిన వారానికి చేను గట్టు మీద రెండూ పక్కపక్కనే కనపడతాయి. పేరు విని ఏరుకొచ్చేవాళ్లు ఏది తెచ్చారో వాళ్లకే తెలియదు.

పోల్చుకోవడం ఇలా. తెల్ల గలిజేరు ఆకు కండగా ఉంటుంది, రెండు వేళ్ల మధ్య నలిపితే నీళ్లు వస్తాయి. పూవుకు విడిగా కాడ ఉండదు, ఆకు తొడిమ మొదట్లో ఉన్న పొరసంచిలో ఒక్కటే దాక్కుని ఉంటుంది. ఆ సంచిని గోటితో గిల్లితే మూత ఊడినట్టు ఊడి లోపల నల్లటి గింజలు, కిడ్నీ ఆకారంలోనే, కనపడతాయి. అటికమామిడి ఆకు పలచన, అడుగున తెల్లగా పాలిపోయి ఉంటుంది. పూలు మెంతిగింజంత, గులాబీ రంగువి, పొడుగాటి సన్నటి కాడల చివర గుత్తిగా వస్తాయి. కాయ జిగురు. చేలో నడిచి వస్తే పంచె అంచుకు, చీర కుచ్చిళ్లకు అంటుకుని వస్తుంది. పీకి చూస్తే వేరు లావుగా దుంపలా లోపలికి దిగి ఉంటుంది. ఆ వేరే పునర్నవగా మందుల్లోకి పోయేది.

ఈ రెండింటి గుణాలు ఒకటి కావు. వైద్యంలో మూత్రం సాఫీగా రావడానికి పేరున్నది అటికమామిడికి. దాని వేరులో బోరావినోన్లు అనే రోటెనాయిడ్ పదార్థాలు, పునర్నవిన్ అనే ఆల్కలాయిడ్ ఉన్నాయి. పొటాషియం నైట్రేట్ కూడా దండిగా ఉంటుంది. మూత్రం ఎక్కువ రావడానికి ఆ పొటాషియం లవణాలకు కూడా భాగం ఉందని చెప్తారు. మూత్రం ఎక్కువ రావడం వేరు, రాయి కరగడం వేరు. కాల్షియం ఆక్సలేట్ రాయిని కరిగించే ఆకు ఇప్పటిదాకా ఏదీ లేదు. ఇది గట్టిగానే చెప్తున్నాను.

తెల్ల గలిజేరు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. అది ఆక్సలేట్ ఎక్కువ పట్టే జాతి. నైట్రేట్ కూడా కూడబెట్టుకుంటుంది. ముదిరిన ఆకు తింటే విరేచనాలు పట్టుకుంటాయి. ఇంట్లో వండుకునేవాళ్లు లేత చిగుళ్లే గిల్లి, ఉడికించి, నీళ్లు వార్చి, పప్పులో వేస్తారు. అది తెలివైన పద్ధతి. ఆ వార్చడంలోనే దోషం సగం పోతుంది. దాన్నే పచ్చిగా దంచి, గుడ్డలో పిండి, పరగడుపున తాగితే వార్చి పారేయాల్సిన నీళ్లనే తాగినట్టవుతుంది. పొట్టలో అడ్డుకోవడానికి పెరుగు లేదు, పాలు లేవు. పాలకూరతో లెక్క చూడండి, 200 గ్రాముల పచ్చాకు రసంలోకి 1,300 మి.గ్రా. ఆక్సాలిక్ ఆమ్లం దాకా దిగొచ్చు. రాళ్లు పడేవాళ్లకు, మూత్రంలో ఆక్సలేట్ ఎక్కువ పోతున్నవాళ్లకు రోజు మొత్తానికి 100 మి.గ్రా. దాటొద్దని చెప్తారు. ఇలా పచ్చాకు జ్యూసులు వారాల తరబడి తాగి, కిడ్నీ గొట్టాల్లో ఆక్సలేట్ పేరుకుపోయి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. రాయి కోసమని మొదలుపెట్టి కిడ్నీనే పోగొట్టుకోకూడదు.

"మా వాడికి రసం తాగాక పదో రోజు పడిపోయింది" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. 5 ఎం.ఎం. లోపు రాళ్లు చాలావరకు వాటంతట అవే పడిపోతాయి, 5 నుంచి 10 మధ్యవి కూడా కిడ్నీ నుంచి మూత్రాశయానికి పోయే గొట్టంలోకి దిగితే దాదాపు సగం పడిపోతాయి. రసంతో పాటు చెంబుల కొద్దీ నీళ్లు తాగి ఉంటారు. పని చేసింది ఆ నీళ్లు.

కొండపిండి ఆకు, అదే తెలగపిండి కూర, గురించి కూడా అడుగుతారని ముందే చెప్తున్నాను. పేరులోనే కొండను పిండి చేస్తుందని ఉంది కాబట్టి రాళ్లకు వాడడం తరతరాలుగా ఉంది. కాంథినోన్ వర్గం ఆల్కలాయిడ్లు, ఫ్లేవనాయిడ్లు ఇందులో గుర్తించారు. జంతువుల మీద చేసిన పరీక్షల్లో స్ఫటికాలు తగ్గినట్టు వచ్చింది. మనుషుల మీద గట్టి రుజువు లేదు. వండుకుని తినండి, మందుగా నమ్ముకుని స్కానింగ్ వాయిదా వేయొద్దు. నేల ఉసిరి విషయంలో కూడా నేను ఇదే చెప్తాను.

వార్చి వండే పద్ధతి. పావు కిలో ఆకుకు రెండు లీటర్ల నీళ్లు పెట్టండి. తెర్లుతున్నప్పుడు తరిగిన ఆకు వేయండి. ముందుగా తరిగితేనే ఆక్సలేట్ బాగా బయటికి దిగుతుంది. మూత పెట్టకుండా ఎనిమిది పది నిమిషాలు ఉడకనిచ్చి, జల్లిలో పోసి, గరిటెతో అదిమి నీళ్లు పిండేయండి. ఆ నీళ్లు చారులోకి, పప్పులోకి వద్దు, చెట్టు మొదట్లో పోయండి. ఇలా చేస్తే ఆకును బట్టి కరిగే ఆక్సలేట్‌లో 30 నుంచి 87 శాతం దాకా పోయినట్టు పరీక్షల్లో తేలింది. ఆవిరి మీద ఉడికిస్తే అంత పోదు. కుక్కర్లో పప్పుతో కలిపి మూడు విజిల్స్ వేసే ఆకుకూర పప్పులో ఏమీ పోదు, ఎందుకంటే నీళ్లు అందులోనే ఉన్నాయి. పుల్లగూరకు కూడా అంతే. ఆకును విడిగా వార్చుకుని, ఉడికిన కందిపప్పులో తర్వాత కలిపి మెదుపుకోండి, రుచి పెద్దగా మారదు. ఆకు పచ్చగా ఉండాలని వంటసోడా వేయొద్దు, విటమిన్లు చస్తాయి.

వార్చడంలో నష్టం లేదని అనను. విటమిన్ సి సగం పైనే పోతుంది, ఫోలేట్, పొటాషియం కూడా కొంత పోతాయి. బీటా కెరోటిన్, కాల్షియం, ఐరన్ చాలావరకు ఆకులోనే ఉంటాయి. అందుకే మునగాకు, మెంతికూర, కొత్తిమీర వార్చొద్దు, అక్కడ పోగొట్టుకోవడమే తప్ప ఒరిగేదేమీ లేదు.

పెరుగు మానేయమన్న మాట దగ్గర ఆగాలి. రాయిలో కాల్షియం ఉంది కదా, కాల్షియం మానేస్తే రాయి రాదనుకోవడం పాత ఆలోచన. తిండిలో కాల్షియం తగ్గితే పేగులో ఆక్సలేట్‌ను పట్టుకునేది లేక అది మొత్తం రక్తంలోకి పోతుంది. ఇటలీలో 120 మంది రాళ్ల రోగుల మీద ఐదేళ్లు పరీక్ష చేసి 2002లో ఫలితం ప్రకటించారు. కాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి మళ్లీ రాళ్లు పడ్డాయి. కాల్షియం మామూలుగా తిని, ఉప్పూ మాంసమూ తగ్గించిన 60 మందిలో 12 మందికే పడ్డాయి. గంగవాయిలి ఆకులో పెరుగు కలిపితే కరిగే ఆక్సలేట్ బాగా తగ్గినట్టు విడిగా కూడా చూశారు. మన పెరుగుపచ్చడి పద్ధతికి ఇది మంచి బలం. గంగవాయిలి ఆకు పెరుగుపచ్చడి చేసేటప్పుడు ఆకును ముందు వార్చి, చల్లారాక కమ్మటి పెరుగులో కలపండి. కాల్షియం మాత్రలు మాత్రం సొంతంగా వేసుకోవద్దు, పాలూ పెరుగుల సంగతే నేను చెప్తున్నది.

కనిగిరి వాళ్లకు ఈ మాట ఇంకా ముఖ్యం. ఫ్లోరైడ్ జబ్బు మన దేశంలో మొదట వివరంగా రికార్డయింది 1937లో, నెల్లూరు జిల్లాలోనే. అప్పుడు కనిగిరి, పొదిలి నెల్లూరులో భాగం, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డాక అటు వెళ్లాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగే చోట కాల్షియం తక్కువైతే ఎముకలకు దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. లీటరుకు 1 మి.గ్రా. వరకు ఫ్లోరైడ్ పర్వాలేదు, 1.5 దాటితే ఆ నీళ్లు తాగకూడదు. మీ బోరు నీళ్లు పరీక్ష చేయించారో లేదో రాయలేదు, చేయించండి. చింతపండు తిన్నవాళ్ల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువ పోయిందని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పిల్లల మీద చూశారు, కాబట్టి పులుసు గురించి భయపడక్కర్లేదు.

నిమ్మకాయ మాత్రం నేను నోరారా చెప్పేది. గూడూరు, పొదలకూరు నిమ్మ మన పక్కనే పండుతుంది. నిమ్మరసంలో సుమారు 5 శాతం సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. ఆ ఆమ్లం నుంచి వచ్చే సిట్రేట్ మూత్రంలోని కాల్షియాన్ని పట్టుకుని ఆక్సలేట్‌తో కలవనివ్వదు. ఒక పరీక్షలో రోజుకు 120 మి.లీ. రసం రెండు లీటర్ల నీళ్లలో కలిపి ఇచ్చారు. అంత తాగలేకపోయినా రెండు మూడు కాయల రసం రోజంతా నీళ్లలో పిండుకుని తాగండి. ఉప్పు వేయొద్దు. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో కాల్షియం ఎక్కువ పోతుంది, నిమ్మ చేసిన మేలును ఉప్పు తినేస్తుంది. ఊరగాయలు, అప్పడాలు, ఎండుచేపలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పళ్లు పులిసిపోకుండా తాగిన వెంటనే నోరు పుక్కిలించండి.

నీళ్లు ఎన్ని తాగాలన్నది చెంబులతో కొలవొద్దు. మూత్రం రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్లు రావాలి, అదీ కొలత. రోహిణి కార్తెలో పొలం పని చేసే మనిషికి చెమటలోనే రెండు మూడు లీటర్లు పోతాయి, కాబట్టి నాలుగైదు లీటర్లు తాగినా ఎక్కువ కాదు. రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు, మధ్యలో లేస్తే ఇంకో గ్లాసు.

టమాటా గింజలకూ రాయికీ సంబంధం లేదు, అందులో ఆక్సలేట్ చాలా తక్కువ. దానికన్నా బాదం, పొట్టుతో నువ్వులు, చిక్కటి టీ చూసుకోవాలి. 1,000 మి.గ్రా. విటమిన్ సి మాత్రలు వేసుకుంటుంటే ఆపండి, అందులో కొంత ఒంట్లో ఆక్సలేట్‌గానే మారుతుంది. కంద, చేమదుంప దురద వేరే సంగతి, అవి సూదుల్లాంటి కరగని స్ఫటికాలు నోట్లో గుచ్చుకోవడం. చింతపండుతో బాగా ఉడికిస్తే తగ్గుతుంది.

ఒక్క మినహాయింపు ఉంది, దీన్ని దాటేయకండి. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగి ఉంటే పైన చెప్పిన మునగాకు, అటికమామిడి, నిమ్మనీళ్లు, అలాగే కొబ్బరినీళ్లు, ఏవీ నా మాట మీద మొదలుపెట్టొద్దు. అక్కడ సమస్య పొటాషియం. కిడ్నీ సరిగా వడకట్టనప్పుడు పొటాషియం రక్తంలో పెరిగి గుండె మీద పడుతుంది. కాళ్ల వాపుకు అటికమామిడి మంచిదని విని కిడ్నీ జబ్బువాళ్లు కషాయం తాగడం చూస్తున్నాం, అది ప్రమాదం. క్రియాటినిన్, పొటాషియం రెండూ చూపించి, కిడ్నీ డాక్టరును అడిగే చేయండి. నీళ్ల కొలత కూడా వాళ్లకు వేరేగా ఉంటుంది.

మీ నాన్నగారికి రాయి ఇది రెండోసారి అయితే 24 గంటల మూత్ర పరీక్ష చేయించండి. పొద్దున మొదటి మూత్రం వదిలేసి, ఆ తర్వాత నుంచి మర్నాడు పొద్దున మొదటిదానితో సహా మొత్తం ల్యాబు ఇచ్చిన క్యాన్‌లోనే పట్టాలి. మధ్యలో ఒక్కసారి బయట పోసినా లెక్క తప్పుతుంది. ఆ రోజు మామూలుగా తినేవే తినాలి, పరీక్ష ఉందని పథ్యం చేయకూడదు. రోజుకు ఆక్సలేట్ 45 మి.గ్రా. దాటితే ఆకుకూరల మీద కట్టడి నిజంగానే అవసరం. అది మామూలుగా ఉండి కాల్షియం ఎక్కువ పోతుంటే తగ్గించాల్సింది ఉప్పు. సిట్రేట్ తక్కువైతే నిమ్మ. నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా మాత్రం ఏ ఆకూ వెతక్కుండా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.